గొట్టం తట్టిన రాత్రులు

ముందుగా పైనున్నవాణ్ణి ఒక్కసారి మనసులో తలుచుకోండి.

తలుచుకున్నారా? ఇప్పుడు కాస్త దగ్గరికి జరగండి. ఆ చివరనున్న అమ్మాయీ, తలుపుకి వీపు పెట్టి కూర్చోకమ్మా. ఇలా వచ్చి మీ అత్త పక్కన కూర్చో. భయపెట్టాలని కాదు… ఈ కథలో ఎవరి వెనక ఎవరున్నారో చివరిదాకా తెలీదు. అందుకని.

ఊరు అయిపోయాక గోడౌన్లు. గోడౌన్లు అయిపోయాక ఒక హేచరీ. అంటే కోడిగుడ్లని బీరువాల్లాంటి పెద్ద పెద్ద పెట్టెల్లో పెట్టి, వెచ్చటి గాలితో పొదిగించి, పిల్లల్ని తీసే చోటన్నమాట. దాని వెనక, ప్రహరీగోడని ఆనుకుని, ఒక ఇంజిన్ గది. కరెంటు పోతే జనరేటరుని తిప్పే డీజిల్ ఇంజిన్ అందులో ఉంటుంది.

పగలు చూస్తే అక్కడ భయపడేందుకు ఏమీ లేదు. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడ్డ నేల, ఒక ఇనప స్టూలు, నడుమెత్తు ఇంజిన్. ఆ ఇంజిన్ గాలి పీల్చే ఇనప గొట్టాన్ని గోడకి కన్నం పెట్టి అవతలి సందులోకి తీశారు, లోపలి దుమ్ము పీల్చకుండా.

పగలు అంతే.

రాత్రయితే మాత్రం… ఆ గది పేరెత్తితే చాలు, గేటు దగ్గర టీ తాగేవాళ్ళు గ్లాసు సగంలో పెట్టేసి లేచిపోయేవారు.

ఎందుకంటే పాత ఇంజినాయన ఆ గదిలోనే పోయాడు. ఒక చలికాలం రాత్రి, ఆ ఇనప స్టూలు మీద, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. తెల్లారి చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయట. ఆ తర్వాత హేచరీ చేతులు మారింది. పాతవాళ్ళంతా తలో దిక్కూ పోయారు. ఆయన మాత్రం… పోలేదని చెప్పుకునేవారు.

ఎలా తెలుసూ అంటారా? కరెంటు పోయిన రాత్రి ఆ గదిలో ముందు ఒక చప్పుడు వచ్చేది.

టక్… టక్.

ఆ తర్వాత ఒక తియ్యటి వాసన. ఆ తర్వాత ఇక మీ అదృష్టం. ఒక్కోసారి ఎంత మొండికేసిన ఇంజిన్ అయినా ఎవరో చెవిలో చెప్పినట్టు చటుక్కున అందుకునేది. ఒక్కోసారి మాత్రం… ధడేల్! రేకులు లేచి పడేలా పేలుడు. గొట్టంలో మంట. గది నిండా పొగ. అలాంటి ఒక రాత్రి ఒకడు ఒంటికాలి చెప్పుతో పరిగెత్తి, రెండో చెప్పు కోసం మర్నాడు తమ్ముణ్ణి పంపాడు. ఆ తమ్ముడు గేటు దాకా వచ్చి, "మా అన్నకి ఒక చెప్పు చాలండీ" అని చెప్పి వెనక్కి తిరిగాడు.

అలాంటి గదికి రాత్రి డ్యూటీకి వచ్చాడు నిదానం.

అది ఆయన అసలు పేరు కాదనుకోండి. ఏళ్ళ తరబడి లారీ తోలినవాడు, తొందరంటే ఏమిటో ఎరగడు. వెనకనుంచి హారన్లు మోగినా, పక్కనుంచి తిట్లు పడినా, "నిదానం నాయనా, నిదానం" అనేవాడు. ఆ మాటే పేరై కూర్చుంది.

భార్య పోయి ఏడాది కూడా కాలేదు. పిల్లల్లేరు. ఇన్నేళ్ళూ రాత్రుళ్ళు ఆమెని ఇంట్లో ఒక్కదాన్నే వదిలేసి రోడ్ల మీద ఉన్నాడు. తలుపు గడియ వదులైందయ్యా, గాలికే తెరుచుకుంటోందయ్యా అని ఆమె అంటూనే ఉండేది. ఈసారి వచ్చినప్పుడు బిగిస్తాలే అని ఈయన అంటూనే ఉండేవాడు. ఆమె ట్రంకుపెట్టె ఈడ్చి తలుపుకి అడ్డంపెట్టుకుని పడుకునేది.

ఆమె పోయాక ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ గడియ బిగించాడు. ఇప్పుడది గట్టిగా పడుతుంది. లోపల ఎవరూ లేరు.

రాత్రుళ్ళు ఆ ఇంట్లో ఉండలేక, రాత్రి పని ఎక్కడ దొరుకుతుందా అని వెతుక్కుంటూ వచ్చినవాడు. గేటు మనిషి మొదటిరోజే పక్కకి పిలిచి చెప్పాడు.

"అన్నా, చెప్పకపోతే నాకు పాపం చుట్టుకుంటుంది. ఆ గదిలో ఎవరో ఉన్నారు."

"పోనీలే తమ్ముడూ," అన్నాడు నిదానం. "మా ఇంట్లో ఎవరూ లేరు."

హేచరీని నడిపేది ఒక మేడమ్. పనివాళ్ళు చాటుగా ఆవిణ్ణి 'పెద్దకోడి' అనేవారు. ఎప్పుడు చూసినా గుడ్ల చుట్టూనే తిరుగుతుందనీ, ఎవరైనా తలుపు వేయడం మర్చిపోతే రెక్కలు విదిల్చి మీదికొస్తుందనీ. ఇంజిన్ సంగతి ఆవిడే దగ్గరుండి చూపించింది.

"ఇదిగో బాబాయ్, తాళంచెవి సగం తిప్పండి. ఎర్రదీపం వెలిగిందా? అంటే గాలి లోపలికెళ్ళే దారిలో హీటరు తీగ కాలుతోందన్నమాట. దీపం ఆరాక తాళంచెవి పూర్తిగా తిప్పి సెల్ఫ్ కొట్టాలి. చలికి కాస్త బతిమాలించుకుంటుంది, ఓపిక పట్టండి. ఈ హీటరు నేనొచ్చాక పెట్టించిందే. ఇక చలికి ఇంజిన్‌ని లేపే స్ప్రే ఉంటుందే, అది మాత్రం దీనికి కొట్టకూడదు. ఉన్న డబ్బాలన్నీ తీసి పారేయించాను."

"తెలుసమ్మా. కాలే తీగ మీదికి స్ప్రే కొట్టడమంటే, మండే పొయ్యిలో పెట్రోలు పొయ్యడమే."

"మరి మీకు ముందున్నవాళ్ళు ఎందుకు కొట్టారు? అడిగితే ఒక్కడూ ఒప్పుకోడు. 'మేం కొట్టలేదు మేడమ్, వాసన దానంతటదే వచ్చింది మేడమ్!' ఇంకోసారి పేలిందంటే ఈ ఇంజిన్ మిగలదు. ఇంజిన్ లేకపోతే ఆ పెట్టెల్లో ఫ్యాన్లు తిరగవు. ఒక్కో పెట్టె నిండా పిల్లలు బాబాయ్… మనం టీ కాచుకుని తాగేలోపు ఊపిరాడక పోతాయి."

"ఇంకా గుడ్లే కదమ్మా."

"పెంకు లోపలున్నా ఊపిరి ఊపిరే," అంది ఆవిడ. ఆ మాట అన్నప్పుడు ఆవిడ గొంతు పెద్దకోడి గొంతులా లేదు.

మొదట్లో కొన్ని రాత్రులు ఏమీ జరగలేదు. స్టూలు మీద కూర్చోవడం, లేవడం, ఇంజిన్‌ని గుడ్డతో తుడవడం. ఎంత తుడిచినా తెల్లారేది కాదు.

ఒక రాత్రి పొగమంచు దిగింది. కరెంటు పోయింది.

అలాంటి చీకట్లో మన చెయ్యి మనదో కాదో తడుముకుని చూసుకోవాలి. నిదానం టార్చి వెలిగించి తాళంచెవి పట్టుకున్నాడు. అప్పుడు —

టక్… టక్.

చెయ్యి అలాగే ఆగిపోయింది. చప్పుడు గోడలోంచి కాదు, గొట్టంలోంచి వచ్చింది. వేలి కణుపుతో ఎవరో తట్టినట్టు… తలుపు తట్టినట్టు.

"స్వామీ…" అన్నాడు లోలోపల.

ఎర్రదీపం మాట మర్చిపోయాడు. సగంలో ఆపాల్సిన తాళంచెవిని కంగారులో చివరికంటా తిప్పేశాడు. చల్లటి ఇంజిన్ మూలిగింది. బరువుగా తిరిగింది. దగ్గింది. అందుకోలేదు. ఇంకా దగ్గుతూనే ఉంది —

అంతలో… ఆ వాసన.

నిదానం ముక్కుకి అది కొత్త కాదు. తియ్యగా, చల్లగా, రెండు గుక్కలు పీలిస్తే తల తేలిపోయేలా… స్టార్టింగ్ స్ప్రే. కొండదారుల్లో చలికి బిగుసుకుపోయిన లారీని లేపడానికి తనూ వాడినవాడే. ఆ లారీకి హీటరు లేదు కాబట్టి చెల్లింది. అయినా అది కొట్టడం అందరికీ చేతకాదు. ఇంజిన్ తిరుగుతుండగానే కొట్టాలి. ముఖం ఎడంగా పెట్టుకుని, చెయ్యి చాచి, రెప్పపాటు… అంతే. రెప్పపాటుకి రెండింతలైతే లోపల సుత్తితో బాదినట్టు మోగుతుంది, పిస్టను రింగులు విరుగుతాయి. దగ్గర్లో బీడీ ముక్క వెలుగుతున్నా ఒళ్ళు కాలుతుంది.

ఇప్పుడు గొట్టంలోంచి వచ్చింది సరిగ్గా రెప్పపాటు. చెయ్యి తిరిగిన మనిషి పని.

ఇంజిన్ అందుకుంది. మెత్తగా, సంతోషంగా. దీపాలన్నీ వెలిగాయి. నిదానం గదంతా చూశాడు. డబ్బా లేదు. మనిషి లేడు. తనూ, ఇంజినూ, ఆ స్టూలూ.

ముందున్నవాళ్ళంతా ఇక్కడే పరిగెత్తారు.

నిదానం ఆ స్టూలుని గొట్టం పక్కకి జరుపుకుని కూర్చున్నాడు. గొట్టం వైపు వంగి, చిన్నగా అన్నాడు —

"థాంక్సు పెద్దాయనా."

ఆ చలికాలం కరెంటు చాలాసార్లు పోయింది. పోయిన ప్రతిసారీ అదే వరస. ముందు టక్ టక్. తర్వాత తను సెల్ఫ్ కొట్టడం. కొట్టగానే ఆ వాసన. ఇంజిన్ అందుకోవడం. ఒక రాత్రి నిదానానికి ఏమనిపించిందో… అటునుంచి తట్టగానే స్పానరు తీసుకుని తనూ గొట్టం మీద తట్టాడు.

టక్… టక్.

అటువైపు కాసేపు నిశ్శబ్దం.

తర్వాత గబగబా… టక్ టక్ టక్ టక్ టక్! ఎవరో పట్టలేని సంతోషంతో తట్టినట్టు.

నిదానానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎందుకో ఆయనకే తెలీదు. ఎవరైనా తనకి బదులు పలికి ఎన్నాళ్ళయిందో…

అప్పటినుంచి గొట్టంతో మాట్లాడటం మొదలుపెట్టాడు. భార్య సంగతి చెప్పాడు. గడియ సంగతి చెప్పాడు. "నువ్వూ ఒక్కడివే ఉన్నట్టున్నావు పెద్దాయనా. చలేయదా? అయినా నీకు చలేమిటిలే," అని తనలో తనే నవ్వుకున్నాడు. మామూలు రాత్రుళ్ళు తట్టినా అటునుంచి పలుకు రాదు. కరెంటు పోతేనే వస్తుంది. అందుకని ఆయన, దేవుడు క్షమించాలి, కరెంటు పోవాలని కోరుకోవడం కూడా మొదలుపెట్టాడు.

హీటరు సంగతి మర్చిపోయాడా? మర్చిపోలేదు. తెలిసే వాడలేదు. హీటరు వెలిగిస్తే ఆ స్ప్రేతో ప్రమాదం. స్ప్రే వద్దంటే ఆ మనిషి వద్దన్నట్టే. అందుకని ఎర్రదీపం జోలికే పోలేదు.

దెయ్యానికి డబ్బా ఎక్కడిది? ఈ ప్రశ్న ఒకటి రెండుసార్లు బుర్రలోకి వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే సాగనంపాడు. ఇంజిన్ గది పక్కనే ప్రహరీకి చిన్న ఇనప తలుపుంది. గడియ తీస్తే సందు. సందులో గొట్టం మూతి. రెండంగలు వేస్తే చూసి రావచ్చు.

వెళ్ళలేదు. వెళ్తే అక్కడ ఏమీ ఉండదేమో… ఏమీ లేదని తెలిశాక మళ్ళీ ఆ చప్పుడు వినపడదేమో…

ఒక సాయంత్రం మేడమ్ గదిలోకి వచ్చి ఫిల్టరు మూత తీసింది. ముక్కు చిట్లించింది. నిదానం వైపు చూసింది.

"బాబాయ్… మీరూనా?"

"నేను కొట్టలేదమ్మా."

"వాళ్ళూ ఇదే మాట అన్నారు." కోప్పడితే బాగుండేది. ఆవిడ కోప్పడలేదు. "ఇంజిన్‌కి మందు అలవాటు చేశారు బాబాయ్. ఇక అది పడితేగానీ లేవదు. లోపలంతా గుల్లవుతుంది. మీరు లారీ తోలినవారు కదా, మీకు నేను చెప్పాలా?"

నిదానం తల దించుకున్నాడు.

"అన్ని పెట్టెల్లోనూ పెంకులు చిట్లుతున్నాయి. తెల్లారేసరికి పిల్లలన్నీ బయటికొస్తాయి. ఈ రాత్రి కరెంటు పోతే హీటరుతోనే లేపండి. ఇది పోతే హేచరీ మూసేస్తామని యజమాని చెప్పేశారు. మాటివ్వండి."

"పైవాడి సాక్షిగా అమ్మా," అన్నాడు నిదానం.

ఆ రాత్రి చలి ఎలా ఉందంటే స్పానరు పట్టుకుంటే అరచేతికి అంటుకుంటోంది. అవతల హాల్లోంచి పెంకుల్లోని పిల్లల కిచకిచలు సన్నగా వినపడుతున్నాయి. పుట్టకముందే ఏదో అడుగుతున్నట్టు. నిదానం దేవుణ్ణి ఒకటే కోరుకున్నాడు… ఈ ఒక్క రాత్రికి కరెంటు పోనివ్వకు.

పోయింది.

ఫ్యాన్లు ఆగిపోయాయి. కిచకిచలు ఒక్కసారిగా పెద్దవయ్యాయి.

తాళంచెవి సగం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది.

టక్… టక్.

నిదానం బదులు తట్టలేదు.

టక్… టక్. ఉన్నావా అని అడిగినట్టు.

"ఈ రాత్రికి వద్దు పెద్దాయనా," అన్నాడు గొట్టం దగ్గర నోరు పెట్టి, గుసగుసగా. "నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్క రాత్రికి వద్దు."

టక్ టక్. టక్ టక్.

దీపం ఆరింది. సెల్ఫ్ కొట్టాలి. కొడితే గొట్టం వణుకుతుంది. వణికితే ఆ వాసన వస్తుంది. ఎప్పుడూ అంతే. దీపం ఆరినా తీగ వేడి ఎక్కడికి పోతుంది? ఎర్రగా కాలుతున్న తీగ మీదికి స్ప్రే…

"బాబాయ్!" హాల్లోంచి మేడమ్ కేక. "ఏం చేస్తున్నారు? పిల్లలు నోళ్ళు తెరుస్తున్నాయి!"

పేలితే ఇంజిన్ పోతుంది. ఇంజిన్ పోతే పిల్లలు పోతాయి. మరి మంట? మంట ఎటు పోతుంది… గొట్టం వెంబడే వెనక్కి పోతుంది. గొట్టం చివరిదాకా. ఆ చివర ఉన్నది దెయ్యమైతే ఏమీ కాదు. కానీ…

ఇన్నాళ్ళూ సాగనంపిన ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చుంది. దెయ్యానికి డబ్బా ఎక్కడిది?

నిదానం తాళంచెవి వెనక్కి తిప్పి లాగేశాడు. టార్చి అందుకున్నాడు. జన్మలో మొదటిసారి పరిగెత్తాడు. ఇనప తలుపు గడియ తుప్పుపట్టి కదల్లేదు. భుజంతో గుద్దితే ఊడొచ్చింది.

సందు. చీకటి. పొగమంచు.

టార్చి వేశాడు.

గొట్టం మూతి దగ్గర… ఒక ఆకారం. తలమీదుగా దుప్పటి. ఒక అరచెయ్యి గొట్టం మీద ఆనించి ఉంది. బిడ్డ ఒంటి మీద జ్వరం చూస్తున్నట్టు. ఇంకో చేతిలో డబ్బా. కళ్ళు మూసి ఉన్నాయి. ఆ ముఖానికి…

ఆ ముఖానికి కనుబొమలు లేవు. రెప్పల వెంట్రుకల్లేవు. నుదురంతా మైనం పూసినట్టు నున్నగా మెరుస్తోంది.

"ఎవరూ?"

కదల్లేదు.

"ఎవరయ్యా నువ్వు!"

ఇంత దగ్గర నిలబడి అరిచినా రెప్ప అదరలేదు. నిదానం కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి. దేవుడి పేరు నోటికి రావడం లేదు. అప్పుడు చూశాడు… ఆ నోట్లోంచి తెల్లగా, సన్నగా, ఆవిరి వస్తోంది.

ఊపిరి. చలికి ఆవిరైన ఊపిరి.

దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. ఆ మనిషి ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. ముసలాయన. బాగా ముసలాయన. నిదానం పెదాలు కదలడం చూసి, చెవి మీద వేలు పెట్టుకుని, వినపడదన్నట్టు అడ్డంగా తలూపాడు.

మాట్లాడేందుకు సమయం లేదు. నిదానం ఆయన చేతిలోంచి డబ్బా తీసి సందు అవతల గోడ దగ్గర పెట్టాడు. ఆయన మణికట్టు పట్టుకుని, గొట్టానికి దూరంగా, ఇనప తలుపులోంచి, ఇంజిన్ గదిలోకి నడిపించాడు. అదేం చిత్రమో, ఆయన కిక్కురుమనకుండా వచ్చాడు. చాలా రోజులుగా పిలుపు కోసం ఎదురుచూస్తున్నవాడిలా వచ్చాడు.

తాళంచెవి సగం. ఎర్రదీపం. కిచకిచలు సన్నబడుతున్నాయి. "నిదానం… నిదానం…" అన్నాడు నిదానం, ఈసారి తనకే చెప్పుకుంటూ. దీపం ఆరింది.

సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ మూలిగింది. దగ్గింది. అలవాటైన వాసన కోసం చూస్తున్నట్టు కాసేపు వెతుక్కుంది. వాసన రాలేదు. మళ్ళీ దగ్గింది. మొండికేసింది. మళ్ళీ…

అందుకుంది.

దీపాలు. ఫ్యాన్లు. హాల్లోంచి మేడమ్ గొంతు, నవ్వో ఏడుపో తెలీకుండా. "వచ్చింది బాబాయ్! వచ్చేసింది!" ఆ వెనకే పిల్లలన్నీ ఒక్కసారిగా గోల.

నిదానం చెమట తుడుచుకుని వెనక్కి తిరిగాడు.

ముసలాయన ఇంజిన్‌ని చూడటం లేదు. ఇనప స్టూలుని చూస్తున్నాడు. తలుపు వెనక చూశాడు. ఇంజిన్ అవతలికి వంగి చూశాడు. చెవిటివాళ్ళు కొందరు అరిచి మాట్లాడతారు. ఈయన గుసగుసగా మాట్లాడాడు. నిదానం చెవి ఆయన నోటి దగ్గరికి పెట్టాల్సి వచ్చింది.

"మా బావేడి?"

నిదానానికి అర్థం కాలేదు.

"బావంటే వరసకి కాదులే. కలిసి పనిచేశాం. వాడు లోపల, నేను బయట. నేను గొట్టం తడితే సిద్ధంగా ఉన్నానని. వాడు తిరిగి తడితే సెల్ఫ్ కొడుతున్నానని. నాకు చెవులు పోయినా గొట్టం వణుకు చేతికి తెలిసేది… అప్పుడు ఒక్క చిటికెడు కొట్టేవాణ్ణి. ఎన్నేళ్ళో అలా."

ఆయన దుప్పటి సర్దుకున్నాడు.

"చెవుల వైద్యానికని మా చెల్లెలి ఊరెళ్ళాను. చలికాలం నన్నొక్కణ్ణే వదిలిపోతావా అన్నాడు వాడు. వినలేదు నేను. తిరిగొచ్చి తడితే బదులు తట్టలేదు. కోపం. వాడి కోపం నాకు తెలీదూ? ఎదురుపడి మాట్లాడదామంటే, వాడు తిట్టినా నాకు వినపడదాయె. అందుకని, ఇక్కడ పారేసిన డబ్బాలు ఏరుకుని, నా పని నేను చేసుకుపోయాను. ఒక రాత్రయితే గొట్టం నా ముఖం మీదికి మంట ఊసింది. ఇంకా కోపం తగ్గలేదురా వీడికి, అనుకున్నా."

ఆయన చేత్తో నున్నటి నుదురు తడుముకున్నాడు. నవ్వాడు.

"ఈ చలికాలం మెత్తబడ్డాడు. తట్టాడు. ఆ రాత్రి నేను నిద్రపోలేదయ్యా, సంతోషంతో. ఏడీ? పిలు వాణ్ణి."

నిదానం ఏం చెప్పినా ఆ చెవులకి ఎక్కదు. ఏం చేయాలో తెలీక, వేలెత్తి పైకి చూపించాడు.

ముసలాయన తలెత్తి చూశాడు.

"రేకులెక్కాడా?" అన్నాడు గుసగుసగా. "ఈ వయసులోనా? దింపు ముందు…"

నిదానం వేలు అలాగే ఉంది. కళ్ళు నిండిపోయాయి.

ముసలాయన నవ్వు సగంలో ఆగిపోయింది.

తలమీది దుప్పటి తీసి భుజాన వేసుకున్నాడు.

"ఎప్పుడు?"

నిదానం చెయ్యి వెనక్కి ఊపాడు. ఇంకా వెనక్కి.

"నేను మా చెల్లెలి దగ్గరున్నప్పుడా?"

నిదానం తలూపాడు.

ముసలాయన గొట్టం వైపు చూశాడు. ఖాళీ స్టూలు వైపు చూశాడు. ఏదో లెక్క కుదరనట్టు కళ్ళు చిట్లించాడు. తర్వాత ఆ చూపు నెమ్మదిగా నిదానం ముఖం మీదికి వచ్చి ఆగింది… ఆ కళ్ళు పెద్దవయ్యాయి. ఎన్నో చలికాలాలు ఆ చీకటి సందులో ఒంటరిగా నిలబడి భయపడని మనిషి, ఇప్పుడు ఇంత వెలుగులో ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ గోడకి ఆనుకుపోయాడు.

"మరి…" అన్నాడు. "ఇన్నాళ్ళూ లోపలినుంచి… నాకు తిరిగి తట్టింది ఎవరు?"

ఆ గదిలో దెయ్యం ఉందంటే నిదానం ఎన్నడూ భయపడలేదు. భయం ఆ క్షణాన వేసింది. ముసలాయన కళ్ళలో ఆ దెయ్యం తనేనని తెలిసినప్పుడు.